ఉత్తరపు ఒడ్డున ఒక్క పొగ

ఓరన్ కోట,
1849 ఫిబ్రవరి 19

తమ్ముడు లూడొవిక్‌కు అక్క గ్రిజెల్ దీవెనలు.

క్షేమంగా లండన్ చేరావని నీ చీటీ అందింది. దేవునికి స్తోత్రం. నీ స్టీమరు మలుపు తిరిగేదాకా రేవులోనే నిలబడ్డాను. ఆ గాలికి పట్టిన జలుబు ఇంకా వదల్లేదు. కంగారేం లేదు.

నువ్వు వెళ్ళిన మర్నాడు ఎఫ్రిక్ వచ్చింది, ఉత్తరపు ఒడ్డు నుంచి మంచులో నడిచి. నువ్వు ఇక్కడున్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా తన గుమ్మం తొక్కలేదని అలిగింది. వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని మన వంటమనిషి ఐసబెల్‌తో అంటోంది:

"వాడికి పేరు పెట్టింది వాళ్ళమ్మ. పాలిచ్చింది నేను. పేరుతో దొరయ్యాడు, పాలతో మనిషయ్యాడు. ఇప్పుడు పేరొక్కటే గుర్తుందేమో."

"దొరగారికి పనులు పిన్నీ. రాజ్యం నడపాలి."

"నడపమనవే. రాజ్యం నడిపేవాడు మా ఇంటిదాకా నడవలేకపోయాడా?"

కోపమంతా నోటిదాకానే. నీకోసం రెండు జతల మేజోళ్ళు అల్లి తెచ్చింది. వాళ్ళ పొయ్యిలో కాల్చే పీటు మట్టిగడ్డల పొగ వాసన కొడుతున్నాయి. ఉతకకుండా వేసుకోమని ఆమె ఆజ్ఞ. పంపుతున్నాను.

ఇంకో మాట. ఎఫ్రిక్ కొడుకు, నీతో పాలు పంచుకున్న డూగల్ తన కూతురికి పెళ్ళి చేశాడు. కొత్త జంట ఎఫ్రిక్ పొయ్యిలోంచి నిప్పు పట్టుకెళ్ళి వేరే కాపురం పెట్టారు. ఉత్తరపు ఒడ్డున ఇంకో పొగ లేచింది. ఆ నిప్పు మన తాతగారి కంటే పాతదట. రాత్రి బూడిద కప్పుతారు, పొద్దున ఊదుతారు, ఆర్పడమన్నది ఎరగరు. నాకు ఆ మాట ఇష్టం.

రేవులో నువ్వు దివాను టల్లక్‌తో ఏదో చెబుతున్నావు, గాలికి నాకు వినపడలేదు. అతను టోపీ తీసి చాలాసేపు తల ఊపాడు. అతను అంతగా తల ఊపితే నాకు నిద్ర పట్టదు. ఏమి చెప్పావు?

సాయంత్రం ప్రార్థనలో నీ పేరు మరవను.
అక్క


లండన్,
మార్చి 12

అక్కయ్యకు నమస్కారాలు.

మేజోళ్ళు అందాయి. పొట్లం విప్పగానే గదంతా ఎఫ్రిక్ ఇల్లయిపోయింది. నా నౌకరు ముక్కు మూసుకుని కిటికీ తెరిచాడు. ఈ ఊళ్ళో కిటికీ తెరిస్తే ఏమవుతుందో నీకు తెలియదు. ఆ పొగ పోలేదు సరికదా, దానికి తోడు లండన్ పొగ వచ్చి కూర్చుంది. చిన్నప్పుడు ఎఫ్రిక్ ఒడిలో కూర్చుంటే నా కళ్ళు ధారలు కట్టేవి, గుర్తుందా? ఇక్కడ ఒడి లేదు, ధారలు మాత్రం ఉన్నాయి.

అందుకే ఈ బిల్లు. ఫ్యాక్టరీ గొట్టాలు ఇష్టమొచ్చినట్టు పొగ కక్కకూడదని ప్రభువుల సభలో పెట్టాను. పొద్దున తెల్లచొక్కా తొడుక్కుని బయల్దేరితే సభకు చేరేసరికి పాదిరీ నల్లకోటు అవుతోంది. పిల్లలు దగ్గుకుని చచ్చిపోతున్నారు. ఇది పరిహాసం కాదక్కా, ఒక వీధిలో నేనే వెళ్ళి చూశాను. ఎదుటి పక్షం వాళ్ళు నాకు పొగ దొర అని పేరు పెట్టారు. పెట్టనీ. ఈ బిల్లు గట్టెక్కితే మంత్రివర్గంలో కుర్చీ నాదేనని మా పార్టీ పెద్దాయన భుజం తట్టాడు. నాన్నగారు ముప్పై ఏళ్ళు ఎదురుచూసి ఎక్కలేకపోయిన కుర్చీ.

ఆ పెద్దాయనే ఆగస్టులో వేటకు మన కోటకు వస్తున్నాడు. మా ఒడ్డున గాలి గాజులా ఉంటుందని అందరి ముందూ గొప్పలు పోయాను. తీరా ఆయన మేడ కిటికీ తెరిచేసరికి ఎదురుగా నాచు గుంటల పొగ నల్లగా, కంపుకొడుతూ ఒడ్డంతా పరుచుకుని ఉంటే నా పరువేం కాను? సముద్రపు నాచును గుంటల్లో కాల్చి సబ్బుల వాళ్ళకు అమ్మే బూడిదకు ఇప్పుడు ధర కూడా లేదు. అందుకే రేవులో టల్లక్‌కు గట్టిగా చెప్పాను, ఆగస్టు నాటికి ఉత్తరపు ఒడ్డున పొగ కనపడకూడదని. "అన్నీనా దొరా?" అన్నాడు. "అన్నీ" అన్నాను. విని ఊరుకునే రకం కాదు, వివరం కనుక్కుంటాడు. అతనంటే నీకెందుకో గిట్టదు.

జలుబు ఎలా ఉంది? బ్రాందీ ఒక చుక్క వేసుకోమంటే ప్రార్థన చేస్తానంటావు. రెండూ చెయ్యి.

నీ తమ్ముడు
లూడొవిక్


ఓరన్ కోట,
ఏప్రిల్ 9

తమ్ముడికి దీవెనలు.

నిన్న పునరుత్థాన దినం. ఎండ కాసింది. జలుబు తగ్గింది, బ్రాందీ లేకుండానే.

ఆరాధన అయ్యాక కోర్టు బంట్రోతు గుడి గేటు దగ్గర నిలబడి ఒక కాగితం చదివాడు. నేను లోపల పాదిరిగారితో ఉన్నాను, వినలేదు. విన్నవాళ్ళకు అర్థం కాలేదు, అది కోర్టు ఇంగ్లీషు. చివర మన గేలిక్ భాషలో ఒక్క ముక్క చెప్పి కాగితం మడిచేశాడట: "పెంతెకొస్తు గడువు దాటాక ఉత్తరపు ఒడ్డున పొగ ఉండకూడదు. దొరగారి ఆజ్ఞ."

వాళ్ళంతా నా దగ్గరికి వచ్చారు. నువ్వు రాసింది చెప్పాను, నాచు కాల్చడం మాన్పించావని. డూగల్ టోపీ గాల్లోకి విసిరాడు. "దొర నోట్లో చక్కెర పొయ్య. నడుముల్లోతు చన్నీళ్ళలో ఆ నాచు కోసి కోసి సగం చచ్చాం. నా తమ్ముడనిపించుకున్నాడు." ఆడవాళ్ళు నిన్ను దీవించారు. నాకు సంతోషమైంది.

ఎఫ్రిక్ ఒక్కతే కదల్లేదు. నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది.

"బూడిద కొనే నాథుడే లేడు. నాచు కాల్చొద్దని చెప్పడానికి బంట్రోతు ఎందుకు తల్లీ? ఏ పొగ? నాచు పొగా, మా పొగా?"

"నాచు పొగే" అన్నాను.

"నువ్వు చెప్పావు, బాగుంది. వాడి నోట వినాలి. రాసి అడుగు."

డూగల్ నవ్వాడు. "అమ్మకు చత్వారం వచ్చాక అన్నిట్లోనూ దయ్యాలే కనపడుతున్నాయి."

"దయ్యాలు కాదురా కనపడేది, దివాన్లు."

నేను టల్లక్‌ను కూడా అడిగాను. "దొరగారు ఎలా సెలవిచ్చారో అలాగే, అమ్మగారూ. అక్షరం అటూ ఇటూ కానివ్వను" అన్నాడు. నేల చూస్తూ అన్నాడు.

కాబట్టి ఎఫ్రిక్ ప్రశ్నకు జవాబు రాయి. ఒక్క వాక్యం చాలు. నేనే వెళ్ళి చదివి వినిపిస్తాను.

బిల్లు గురించి, ఆ దగ్గే పిల్లల గురించి ప్రార్థిస్తున్నాను.
అక్క


లండన్,
ఏప్రిల్ 24

అక్కయ్యకు,

నిలబడి రాస్తున్నాను, బండి సిద్ధంగా ఉంది. కమిటీలో ఫ్యాక్టరీ వాళ్ళు నన్ను పీక్కుతింటున్నారు. పొగ లేని మంట ఉంటుందా దొరా అని ఒకడు అడిగాడు. మీ బుర్రలో మంట లేని పొగ ఉన్నప్పుడు పొగ లేని మంట ఎందుకుండదు అన్నాను. సభలో రెండు రోజులు అదే చెప్పుకుని నవ్వారు.

ఉత్తరపు ఒడ్డు గురించి మళ్ళీ మళ్ళీ రాయడానికేముంది? నేను చెప్పిందే టల్లక్ చేస్తున్నాడు. అతను ఎలా చెబితే అలా నడుచుకోమను. డూగల్ సంతోషించాడంటే సంతోషం. ఎఫ్రిక్‌కు ఒక పొగాకు కట్ట పంపుతున్నాను. ఈ పొగకు దొరగారి అభ్యంతరమేమీ లేదని చెప్పు, నవ్వుతుంది.

ఆగస్టు గదులు చూసుకో. పెద్దాయనకు ఉత్తరపు కిటికీ ఉన్న గది ఇవ్వు.

లూడొవిక్


ఓరన్ కోట,
మే 28

తమ్ముడూ,

జరిగింది జరిగినట్టు మెల్లగా రాస్తాను.

శుక్రవారం పొద్దున ప్రార్థనలో ఉండగా ఐసబెల్ తలుపు కొట్టింది. అలా ఎప్పుడూ కొట్టదు. "అమ్మగారూ, ఉత్తరపు ఒడ్డున పొగ ఎక్కువగా ఉంది" అంది. మొండికేసి నాచు కాలుస్తున్నారేమో అనుకుని కిటికీలోంచి చూశాను. కాలుతున్నవి ఇంటి కప్పులు.

బండి కట్టించుకుని వెళ్ళేసరికి సగం ఊరు అయిపోయింది. బంట్రోతు, అతని మనుషులు, గుర్రం మీద టల్లక్. ప్రతి ఇంట్లోనూ మొదట పొయ్యి ఆర్పుతున్నారు, తర్వాత దూలాలకు నిప్పు పెడుతున్నారు. పొయ్యిలో నిప్పుంటే ఇల్లు ఖాళీ అయినట్టు కాదట. ఆ పద్ధతి నాకు ఆ రోజే తెలిసింది.

ఎఫ్రిక్ ఇంట్లో నేనున్నాను. బంట్రోతుకు నీళ్ళు దొరకలేదు. గుమ్మంలో పొద్దున పితికిన పాలబిందె ఉంది. అది ఎత్తాడు. ఆమె అతన్ని చూసి, వంగి, ఒక్క పీటు పెళ్లను చేత్తోనే ఇనప కుండలోకి లాగింది. మిగతా పొయ్యి మీద పాలు పోశాడు. ఆ చప్పుడు, ఆ వాసన నేను రాయలేను.

ఆమె ఏడవలేదు. అరచెయ్యి బొబ్బలెక్కింది. "పాలు పోసి ఆర్పడం ఎక్కడా వినలేదు" అంది. అంతే.

బయటికి వచ్చి టల్లక్ గుర్రం కళ్ళెం పట్టుకున్నాను.

"ఇదేమిటి?"

"దొరగారి మాట, అమ్మగారూ. అన్నీ అన్నారు."

"ఆయన అన్నది నాచు పొగ."

"నాకలా సెలవివ్వలేదు. పొగ అన్నారు. మా పనిలో పొగ అంటే ఇల్లు. ఈ ఊళ్ళో ఎవర్నడిగినా అంతే. తమరూ అలాగే అంటారు కదా. ఒడ్డంతా గొర్రెల మేతకు కౌలుకిమ్మని అడుగుతున్నవాళ్ళు మూడేళ్ళుగా తిరుగుతున్నారు. దొరగారు ఇన్నాళ్ళకు సరే అన్నారనుకున్నాను."

నేనూ అలాగే అంటాను, నిజమే. ఫిబ్రవరిలో నీకు రాసిన ఉత్తరంలో కూడా ఇంకో పొగ లేచిందని రాశాను. ఆ పొగ ఆ రోజు మధ్యాహ్నానికి ఆరింది. కొత్త పెళ్ళికూతురు మంచం మీది దుప్పటి పట్టుకుని నిలబడింది, ఎక్కడ పెట్టాలో తెలియక.

అందరూ గుడి ఆవరణలో ఉన్నారు, సమాధుల మధ్య పడవ తెరచాపలు కట్టుకుని. కోర్టు లెక్కలో పెంతెకొస్తు గడువు ఈ నెల పదిహేనుకే దాటిందట, పండుగ మాత్రం నిన్న. పాదిరిగారు పైనుంచి నిప్పు దిగివచ్చిన వాక్యం చదివారు. ఒక్కరూ తలెత్తలేదు.

డూగల్ నన్ను అడిగాడు. "మీరే కదమ్మా చెప్పారు, నాచు పొగని."

నువ్వు ఇలా అని ఉండవు. నాకు తెలుసు. వెంటనే రాయి. టల్లక్‌కు నీ చేతిరాత కావాలట, లేకపోతే ఆపడట.

ఎఫ్రిక్ పిల్లి తిరిగి ఆ ఇంటికే వెళ్ళి, తడి బూడిదలో పడుకుంది. దాన్ని లేపే మనిషి లేదు.

అక్క


లండన్,
జూన్ 5

అక్కా,

నీ ఉత్తరం నిన్న ఫలహారం బల్ల దగ్గర విప్పాను. లేచి గదంతా తిరిగాను. నౌకరు వైద్యుణ్ణి పిలవమంటారా అన్నాడు.

నాచు గుంటలు ఆర్పమంటే ఊరు ఆర్పుతాడా? ఎవడైనా అలా అర్థం చేసుకుంటాడా? నేను ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషులో బతుకుతున్నాను, పొగ అంటే నాకు పొగ. వాడి భాషలో దానికి ఏమేం అర్థాలున్నాయో నేనెలా గుర్తుపెట్టుకోను? రాత్రంతా ఆ పాల చప్పుడు చెవుల్లో ఉంది. ఆ ముక్క నువ్వు రాయకుండా ఉండాల్సింది.

నేను దీన్ని సరిదిద్దుతాను. టల్లక్‌ను తీసేస్తాను. కానీ నా మాట విను. పన్నెండో తేదీన బిల్లు రెండోసారి చర్చకు వస్తోంది. ఇప్పుడు నేను ఆపమని రాస్తే, పొరపాటు జరిగిందని నా చేతిరాతతో నేనే ఒప్పుకున్నట్టు. ఆ కాగితం ఎవడి చేతిలోనైనా పడితే ఏమంటారో ఊహించు. పొగ దొర తన ఊళ్ళోనే పొగ లేకుండా చేశాడంటారు. బిల్లు పోతుంది, కుర్చీ పోతుంది, ఆ పిల్లలు దగ్గుతూనే ఉంటారు. ఒక్క వారం. బిల్లు గట్టెక్కగానే రాస్తాను.

ఈలోగా ఎఫ్రిక్‌ను కోటకు తీసుకురా. వంటింటి పక్క గది ఇవ్వు, వెచ్చగా ఉంటుంది. ఆ చేతికి వెన్న రాయించు. మిగతావాళ్ళకు ఓట్స్ పిండి ఇప్పించు.

ఎవరికీ ఏమీ రాయకు.

లూడొవిక్


ఓరన్ కోట,
జూన్ 14

తమ్ముడూ,

పిండి ఇప్పించాను. ఎఫ్రిక్ రాలేదు. "కోటలో పొయ్యిలున్నాయి. నా పొయ్యి లేదు" అంది.

ఆమె ఆ ఇనప కుండను ఒక సమాధి రాయి పక్కన, గాలి తగలకుండా పెట్టుకుంది. డూగల్ పీటు తెచ్చి పడేస్తాడు. రాత్రి ఆమె కప్పుతుంది, పొద్దున తెరుస్తుంది. కానీ పొయ్యి మీదికి మార్చదు. వాళ్ళలో ఒక మాటుంది. ఏ నోటి మాటతో పొయ్యి ఆరిందో ఆ నోరే ఊదాలి, లేకపోతే ఆ నిప్పు నిలవదట. వాడొస్తాడు, ఊదుతాడు అంటుంది. అందరూ తలలు తిప్పుకుంటారు.

టల్లక్ ఒక ఓడ మాట్లాడాడు. కెనడాకు. నెలాఖరుకు రేవుకు వస్తుంది. పేరు రాయించుకున్న ఇంటికి రోజూ పిండి కొలుస్తున్నాడు. వర్షం ఆగడం లేదు. ఒక పసివాడు పోయాడు, కొత్త సమాధికి దూరం వెళ్ళక్కర్లేకపోయింది. ప్రతి రోజూ ఎవరో ఒకరు పేరు రాయిస్తున్నారు.

ఒక వారం అన్నావు. అయింది. రా. రాలేకపోతే టల్లక్‌కు రాయి. రెండే ముక్కలు: ఇళ్ళు కాదు. ఓడ లంగరు ఎత్తేలోపు చేరాలి.

ఇంకొకటి. ఏ పొగ అని ఎఫ్రిక్ అడిగిన ప్రశ్న ఏప్రిల్‌లోనే నీకు రాశాను. పెంతెకొస్తుకు ఎంతో ముందు. నువ్వు పొగాకు పంపావు. ఆ ప్రశ్న నీ కంట పడలేదా? నిందించడానికి కాదు, తెలుసుకోవాలని.

అక్క


లండన్,
జూన్ 25

అక్కా,

బిల్లు గట్టెక్కింది. రెండోసారి చర్చ దాటింది. నీకు ముందు చెప్పాలనిపించింది.

అదే రోజు ఎదుటి పక్షం నుంచి ఒకడు లేచాడు. వాడికి ఎవరు చేరవేశారో తెలియదు. లండన్ పొగ మీద ఇంత దయ ఉన్న దొరగారి సొంత ఒడ్డున ఇప్పుడు పొగే లేదట, నిజమేనా అన్నాడు. సభంతా నా వైపు తిరిగింది. పెద్దాయన నా పక్కనే. లేచి నిలబడేదాకా నిజం చెబుదామనే ఉంది. లేచాక వేరే మాట వచ్చింది. ఆ కుటుంబాలు తమంతట తామే వలస కోరుకున్నాయి, ఓడ ఖర్చు నేనే భరిస్తున్నాను అన్నాను. చప్పట్లు కొట్టారు. 

ఇప్పుడు ఆపమని రాస్తే సభలో అబద్ధమాడానని తేలుతుంది. కాబట్టి ఓడ వెళ్ళనీ. అక్కడ నేల మంచిదంటారు. డూగల్ కష్టజీవి, బాగుపడతాడు.

నువ్వడిగావు కాబట్టి చెబుతాను. నీకు అబద్ధం రాయడం నాకు చేతకాదు. ఎఫ్రిక్ ప్రశ్న చదివాను. నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఒక్క క్షణం టల్లక్ మొహం కళ్ళ ముందుకొచ్చింది, రేవులో "అన్నీనా" అని అడిగిన మొహం. నాచు గుంటల గురించి ఎవరూ అలా అడగరు. ఆ సంగతి ఆ క్షణంలో నాకు తెలిసింది. బండి సిద్ధంగా ఉంది. కమిటీ ఉంది. తర్వాత చూద్దామనుకుని పొగాకు గురించి రాశాను. తర్వాత చూడలేదు. అంతే జరిగింది.

చదివి చింపెయ్యి. పెద్దాయన ఆగస్టు రెండో వారంలో వస్తున్నాడు. గుడి ఆవరణలో ఎవరైనా మిగిలి ఉంటే ఆలోపు ఎక్కడికైనా మార్పించు.

లూడొవిక్


ఉత్తరపు ఒడ్డు,
జూలై 23

తమ్ముడూ,

పైన ఊరి పేరు చూశావు కదా. కోట నుంచి రాయడం లేదు. కారణం చెబుతాను.

ఓడ వెళ్ళింది. నీ ఉత్తరం అంతకు ముందు రోజే అందింది. ఆ క్షణం గురించి రాసిన చోటు మళ్ళీ మళ్ళీ చదివాను. ఇళ్ళు కాలడం కళ్ళారా చూశాను. అప్పుడు కూడా ఇంత చల్లబడలేదు. ప్రార్థించబోతే మాట రాలేదు. నా యాభై నాలుగేళ్ళలో అలా ఎన్నడూ కాలేదు. చింపలేదు. ఎవరికీ చూపించనూ లేదు. అది నువ్వు చెప్పాల్సిన మాట.

డూగల్ పడవలోకి దిగే ముందు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "దొరకు నా మీద కోపమేమైనా ఉందా అమ్మా? చిన్నప్పుడు ఒకసారి వాణ్ణి రేవులో నీళ్ళలోకి తోశాను. దానికేనా?" అన్నాడు. కాదన్నాను. "అయితే దేనికి?" అన్నాడు. ఓడ మలుపు తిరిగేదాకా వాళ్ళు పాడుతూనే ఉన్నారు. నీ స్టీమరుకు నిలబడ్డ చోటే నిలబడ్డాను.

ఎఫ్రిక్ ఎక్కలేదు. "వాడొస్తే ఎవరూ లేకపోతే ఎలా?" అంది. డూగల్ ఆమెను ఎత్తుకుని తీసుకెళ్ళాలని చూశాడు. సమాధి రాతిని పట్టుకుంది. అతను ఆమె వేళ్ళు విడిపించాడు, మళ్ళీ పట్టుకుంది. చివరికి ఆమె కాళ్ళకు మొక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత పత్రిక వచ్చింది. సభలో నువ్వన్న మాట అందులో ఉంది. ఎఫ్రిక్ చదివి చెప్పమంది. చెప్పాను. తమంతట తామే వెళ్ళారన్న చోట ఆపి, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. కుండ వైపు చూసింది. నిప్పు సన్నగిల్లింది, రెండు రోజుల వానకు పీటు తడిసింది.

"వాడు రాడు" అంది. ఆ మాట ఆమె నోట అదే మొదటిసారి.

ఆరబోయే వత్తిని కూడా ఆర్పనివాడు మన దేవుడు. నాకు అదొక్కటే తోచింది. "లే పిన్నీ, ఇంటికి పోదాం" అన్నాను.

"ఏ ఇంటికి?"

"నీ ఇంటికి."

గోడలు నిలిచే ఉన్నాయి, రాతి గోడలు కదా. గుడి ఊడ్చే ముసలాయన, పాదిరిగారు కలిసి ఒక మూలకు తెరచాప కట్టి పైన మట్టిగడ్డలు పేర్చారు. పాదిరిగారు నిచ్చెన మీంచి జారి నడుము పట్టేసుకున్నారు, బాగానే ఉన్నారు. పొయ్యిలో తడి బూడిద నేనే తీశాను. పాలు గడ్డకట్టి నల్లగా రాతికి అంటుకుని ఉన్నాయి. గీకితే రాలేదు. అలాగే ఉంచాను.

కుండ దించి, ఎఫ్రిక్ నా మొహం చూసింది. "ఆ నోరు కావాలి" అంది.

"ఆ నోరు లేదు. అదే కడుపున పుట్టిన ఇంకో నోరుంది. చాలదా?"

ఆలోచించింది. "పెద్దదానివి నువ్వే కదా" అని జరిగింది.

మోకాళ్ళ మీద కూర్చుని ఊదాను. నాకు ఊదడం రాదు, మన ఇంట్లో ఎవరు నేర్పారు? బూడిద మొహం మీద పడింది. ఎఫ్రిక్ తిట్టింది. "కీర్తన పాడినట్టు ఊదుతావేం? ముద్దు పెట్టినట్టు ఊదు." మళ్ళీ ఊదాను. అంటుకుంది.

నాలుగు రోజులైంది, ఇంకా ఉంది.

కోట తాళాలు ఐసబెల్‌కు ఇచ్చాను. పెద్దాయనకు నువ్వు చెప్పిన గదే సర్దించాను, ఉత్తరపు కిటికీ ఉన్నది. తెర తీస్తే ఎదురుగా మేమే. ఒడ్డంతా గొర్రెలు, మధ్యలో ఒక్క పొగ. అదేమిటని ఆయన అడుగుతారు. మా అక్క అని చెప్పు. అక్క అక్కడెందుకుందని అడుగుతారు. దానికి నువ్వేం చెబుతావో నాకు తెలియదు.

టల్లక్ వచ్చాడు. గుర్రం దిగి, టోపీ తీసి, "అమ్మగారూ, ఇది దొరగారి ఆజ్ఞకు విరుద్ధం. నాకు అన్నీ అని చెప్పారు" అన్నాడు. "అయితే మళ్ళీ అడగండి" అన్నాను. నీకు ఉత్తరం వస్తుంది. జవాబు రాయి. ఈసారి ఏ పొగో విప్పి చెప్పు.

నా మీద నీకు కోపం వస్తుంది. రానీ. నాకు నీ మీద కోపం లేదని రాయాలనుంది, ఇంకా ఆ మాట నిజం కాలేదు. నిజం చేయమని ప్రార్థిస్తున్నాను. మాట మళ్ళీ వస్తోంది.

ఇది ముగిస్తుంటే ఎవరికి రాస్తున్నావని ఎఫ్రిక్ అడిగింది. నీకని చెప్పాను.  పీటు పెళ్ల ఒకటి తిరగేసింది. తర్వాత అంది:

"రమ్మని రాయి. వాడికి చిన్నప్పటి నుంచీ పొగ పడదు, ధారలు కట్టేస్తాయి. లోపలికొచ్చి నా పక్కన కూర్చోమను. కళ్ళు ఎందుకు కారుతున్నాయని ఎవరైనా అడిగితే, పొగకని చెబుతాలే."

అక్క